ప్రాణం పోయిన దారి: తఖ్దీర్ అని చేతులు దులుపుకోవచ్చా?

మన బస్తీల్లో ఎవరైనా రోడ్డు ప్రమాదంలో మరణిస్తే, ఆ ఇంటి ముందు చేరిన వారి నోట ఒకే మాట వినిపిస్తుంది. అల్లాహ్ అతనికి అంతవరకే ఆయుష్షు రాసిపెట్టాడు, వచ్చిన ఘడియను ఎవరు ఆపగలరు అంటారు. ఈ మాటలో అబద్ధం లేదు. ప్రతి ప్రాణికీ మరణ ఘడియ నిర్ణయమై ఉందన్నది మన విశ్వాసంలో భాగం. కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఈ మాట కన్నా పెద్ద ఓదార్పు లేదు.

అయితే ఇదే మాటను ఆ కుర్రవాణ్ణి గుద్దిన బండి నడిపినవాడు అంటే? బ్రేకులు సరిగా లేని బస్సును రోడ్డెక్కించిన యజమాని అంటే? రోడ్డు మధ్యలో గుంత తవ్వి, చుట్టూ తాడైనా కట్టకుండా వెళ్ళిపోయిన కాంట్రాక్టరు అంటే? పదిహేనేళ్ళ కొడుకు చేతికి బైకు తాళం ఇచ్చిన తండ్రి అంటే? తల్లి నోట ఓదార్పుగా ఉన్న మాట వీరి నోట సాకుగా మారిపోతుంది. మాట ఒక్కటే, పలికిన నోరు వేరు. ఒకచోట అది సబర్, మరోచోట బాధ్యత నుండి పారిపోవడం. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుంది? కావాలని ఎవరూ చేయని మరణానికి జవాబుదారీ ఎవరు? ఈ ప్రశ్నను నిదానంగా ఆలోచించవలసి ఉంది.

లెక్కలు చెబుతున్నదేమిటి?

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2022 సంవత్సరానికి ప్రకటించిన లెక్కల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. ఒక నమాజుకూ మరో నమాజుకూ మధ్య ఎన్ని ఇళ్ళలో ఏడుపులు వినిపిస్తున్నాయో లెక్కవేసుకోండి. మరుసటి ఏడాది, 2023లో, ఈ సంఖ్య 1 లక్షా 72 వేలు దాటింది.

చనిపోయిన వారు ఎవరు? 2022లో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. నడిచి వెళుతున్న వారు 32 వేలకు పైగా ఉన్నారు. అంటే కార్లలో తిరిగే వారి కంటే, బైకు మీదా కాలినడకనా పనికి వెళ్ళే వారే ఎక్కువగా పోతున్నారు. ఎందువల్ల? నూటికి 71 మరణాలకు మితిమీరిన వేగం కారణమని అదే నివేదిక అంటున్నది. హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ మరణించిన వారు 50 వేలకు పైగా ఉన్నారు.

పాఠకులు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ప్రతి ఏడూ అవే కారణాలు, అవే రకం రోడ్లు, అవే రకం మనుషులు. ముందుగా కారణం తెలిసి, ముందుగా ఉపాయం తెలిసి, అయినా ఏటేటా జరిగేదాన్ని అనుకోని ఘటన అని ఎలా అనగలం? పిడుగు పడడం వేరు, కప్పు మీద కుండను అంచున పెట్టి అది పడిందని ఆశ్చర్యపోవడం వేరు.

తఖ్దీర్ అంటే ఉపాయాన్ని వదిలేయడం కాదు

ఒంటెను కట్టి అల్లాహ్‌పై భారం వేయాలా, వదిలేసి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టు, ఆ తర్వాత భారం వెయ్యి అని దైవప్రవక్త (స) బోధించిన సంగతి మన పిల్లలకు కూడా తెలుసు. తిర్మిజీలో ఉన్న ఈ హదీసును మనం ఉపన్యాసాల్లో తరచూ వింటాము. కానీ హెల్మెట్ పట్టీ బిగించుకోవడం కూడా ఒంటెను కట్టడమేనని మనకు తోచదు. దాన్ని బండి అద్దానికి తగిలించుకుని, పోలీసు కనబడగానే నెత్తిన పెట్టుకుంటాము. మనం కాపాడుకుంటున్నది తలను కాదు, జరిమానా డబ్బును.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో జరిగిన సంఘటన మరింత స్పష్టమైనది. ఆయన సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరాక, ముందు ప్రాంతంలో మహమ్మారి వ్యాపించి ఉందని తెలిసింది. సహచరులతో సంప్రదించి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగారు. అల్లాహ్ నిర్ణయం నుండి అల్లాహ్ నిర్ణయం వైపుకే వెళుతున్నామన్నది ఉమర్ (రజి) ఇచ్చిన జవాబు సారాంశం. ఒక లోయలో ఒక వాలు పచ్చగా, రెండో వాలు బీడుగా ఉంటే, ఒంటెలను ఎటు తోలినా అది అల్లాహ్ నిర్ణయమే కదా అని ఆయన ఉదాహరణ కూడా చెప్పారు.

ఇందులోని పాఠం ఏమిటి? జరిగిపోయిన దాని విషయంలో తఖ్దీర్ మనకు ఓదార్పు. జరగబోయే దాని విషయంలో మన మీద ఉన్నది జాగ్రత్త వహించే బాధ్యత. మొదటిదాన్ని తెచ్చి రెండోదాని స్థానంలో పెట్టినప్పుడే తప్పు జరుగుతున్నది.

ఉద్దేశ్యం లేకపోతే బాధ్యత లేదా?

'నేను కావాలని చేయలేదు' అన్నది ప్రమాదం చేసిన ప్రతివాడూ చెప్పే మాట. నిజమే కావచ్చు. కానీ దివ్య ఖుర్ఆన్ (4:92) పొరపాటున జరిగిన ప్రాణనష్టాన్ని కూడా ఊరికే వదిలిపెట్టలేదు. చనిపోయిన వారి కుటుంబానికి దియత్, అంటే రక్తధనం, చెల్లించాలని ఆదేశించింది. దానితోపాటు బానిసకు స్వేచ్ఛ ప్రసాదించాలని, ఆ స్తోమత లేనివారు వరుసగా రెండు నెలలు ఉపవాసాలు పాటించాలని నిర్దేశించింది. ఒప్పందంతో కలిసి జీవించే ముస్లిమేతర సమాజపు మనిషి చనిపోయినా ఇదే బాధ్యత వర్తిస్తుందని అదే ఆయతులో ఉంది. రోడ్డు మీద ప్రాణం విలువకు మతం తేడా లేదు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కావాలని చంపిన పాపం వేరు, దాని శిక్ష వేరు. ఉద్దేశ్యం లేదు కనుక ఆ పాపం ఇతని మీద లేదు. కానీ రెండు బాకీలు మిగిలాయి. ఒకటి దాసుల హక్కు, అది కుటుంబానికి చెల్లవలసిన పరిహారం. రెండోది అల్లాహ్ హక్కు, అది కఫ్ఫారా. పొరపాటు జరిగినవాడు రెండు నెలలు పగటిపూట ఆకలితో ఉండి ఏం నేర్చుకుంటాడు? తాను మరికొంత జాగ్రత్తగా ఉంటే ఒక ప్రాణం మిగిలేదని ప్రతిరోజూ గుర్తు చేసుకుంటాడు. అజాగ్రత్త చిన్న విషయం కాదని ధర్మం ఈ విధంగా బోధిస్తున్నది.

మన దేశ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 2024 జూలై 1 నుండి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను, నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి ఐదేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చునంటున్నది. హత్యతో సమానం కాదు, అలాగని నిర్దోషిత్వం కూడా కాదు.

బావి తవ్వినవాడు, గోడ వంగినవాడు

మద్రసాలలో శతాబ్దాలుగా బోధిస్తున్న 'హిదాయా' గ్రంథాన్ని అల్లామా బుర్హానుద్దీన్ మర్గీనానీ (మరణం హి. 593) రాశారు. అప్పటికి మోటారు బండి లేదు. కానీ దారుల్లో జరిగే నష్టాల గురించి అందులో చేసిన చర్చ చదివితే, ఈనాటి నగరం కళ్ళ ముందు కదలాడుతుంది.

ప్రజల దారిలో నడవడం అందరి హక్కు, అయితే నివారించడానికి వీలైన హానిని నివారించాలన్న షరతుతోనే ఆ హక్కు అన్నది అక్కడి మూలసూత్రం. స్వారీ చేస్తున్నవాని జంతువు ఎవరినైనా తొక్కితే అతనిదే బాధ్యత. నడుస్తూ నడుస్తూ అది వెనుక కాలితో తన్నితే బాధ్యత లేదు, ఎందుకంటే దాన్ని నివారించడం అతని చేతిలో లేదు. కానీ అదే జంతువును దారిలో నిలబెట్టి ఉంచితే, అప్పుడది తన్నినా బాధ్యత అతనిదే. నిలబెట్టకుండా ఉండడం అతని చేతిలో ఉంది కదా! రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీని వెనుక నుండి గుద్దుకుని ఎంతమంది పోయారో మనకు తెలుసు. ఆ లారీ డ్రైవరు 'నా బండి కదలనే లేదు' అంటాడు. కదలకపోవడమే ఇక్కడ తప్పు.

ప్రజల దారిలో బావి తవ్వినవాడు, రాయి పెట్టినవాడు, జారిపడేలా నీళ్ళు పోసినవాడు కూడా జరిగిన నష్టానికి బాధ్యులేనని ధర్మవేత్తలు అన్నారు. పాలకుని అనుమతితో తవ్వితే బాధ్యత లేదన్న మినహాయింపు కూడా ఉంది. ఈనాటి కాంట్రాక్టరు ఈ మినహాయింపు చాటున దాక్కోగలడా? అనుమతి పత్రంలో కంచె కట్టాలని, హెచ్చరిక బోర్డులు పెట్టాలని, పని అయ్యాక పూడ్చాలని షరతులుంటాయి. షరతులను కాలదన్నినవాడు అనుమతిని కూడా కాలదన్నినట్లే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 198ఎ సెక్షను చేరింది. నిర్ణీత ప్రమాణాలు పాటించకుండా రోడ్డు వేసినందువల్ల ప్రాణనష్టం జరిగితే, దాని రూపకర్త, కాంట్రాక్టరు, నిర్వహణ సంస్థ లక్ష రూపాయల వరకు జరిమానాకు పాత్రులు. ప్రాణం ముందు లక్ష రూపాయలు ఎంత? అయినా రోడ్డు వేసినవాడు కూడా జవాబుదారీయేనని చట్టం ఒప్పుకున్నది.

వంగిన గోడ సమస్య ఇంకా ఆలోచింపజేస్తుంది. ఒకరి ఇంటి గోడ దారి వైపు వంగింది. పడగొట్టమని అతనికి చెప్పారు, చెప్పినట్లు సాక్షులున్నారు. పడగొట్టే అవకాశం ఉండి కూడా జాగు చేశాడు. గోడ కూలి ఒకరు చనిపోయారు. బాధ్యత గోడ యజమానిదే. అతను గోడను తొయ్యలేదు. ఏమీ చేయలేదు. తెలిసి కూడా ఏమీ చేయకపోవడమే అతని నేరం. టైర్లు అరిగాయని డ్రైవరు నాలుగుసార్లు చెప్పినా మార్చని యజమాని, ఒకే మలుపులో పదేపదే ప్రమాదాలు జరుగుతున్నా సరిచేయని అధికారి, ఈ గోడ యజమానిలో తమ ముఖం చూసుకోవాలి.

డ్రైవరుదా తప్పు, యజమానిదా?

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. ఫిఖ్హ్‌లో ఒక ప్రసిద్ధ నియమం: స్వయంగా పని చేసినవాడు, దానికి కారణం కల్పించినవాడు ఇద్దరూ ఉన్నప్పుడు, తీర్పు స్వయంగా చేసినవాని మీదికే వెళుతుంది. దీన్ని యథాతథంగా తీసుకుంటే ప్రతి బస్సు ప్రమాదానికీ డ్రైవరొక్కడే దోషి. యజమాని, అధికారి తప్పించుకుంటారు. ఇది న్యాయమేనా?

ఢిల్లీ అనుభవం చూడండి. 1990ల ఆరంభంలో అక్కడ ప్రైవేటు బస్సులకు రూట్లు అప్పగించారు. మొదట రెడ్‌లైన్, తర్వాత బ్లూలైన్ అని వాటికి పేరు. యజమానుల్లో చాలామందికి ఒకటో రెండో బస్సులు. రోజు వసూళ్ళ మీదే లాభం, సిబ్బంది రాబడి కూడా. ఒకే రూటులో ముందున్న బస్సును దాటితేనే స్టాపులో జనం దొరుకుతారు. ఫలితంగా స్టాపుల మధ్య పందాలు, ఆగీ ఆగకుండా ఎక్కించుకోవడాలు. 2007లో ఒక్క ఏడాదిలోనే ఆ బస్సుల వల్ల వంద మందికి పైగా మరణించారు. చివరకు దశలవారీగా వాటిని తొలగించి, బస్సు నడిపిన కిలోమీటర్లను బట్టి చెల్లించే పద్ధతిని తెచ్చారు. ఆ పద్ధతిలో జనం కోసం పక్క బస్సుతో పోటీపడవలసిన అగత్యం లేదు.

ఆ డ్రైవర్లందరూ పుట్టుకతో దుర్మార్గులా? కాదు. నెమ్మదిగా నడిపితే ఆకలి, వేగంగా నడిపితే అన్నం అనే ఏర్పాటులో వారిని కూర్చోబెట్టారు. ఏర్పాటు చేసినవాడు అల్లాహ్ ముందు ఏమని జవాబు చెప్పుకుంటాడు? ఫిఖ్హ్ నియమం ఇహలోకంలో పరిహారం ఎవరి నుండి వసూలు చేయాలో తేల్చడానికి ఉద్దేశించినది. బలవంతపెట్టిన సందర్భంలో ఆ నియమానికి మినహాయింపులున్నాయి. పరలోక విచారణ దానితో ముగిసిపోదు. చెడుకు బాట వేసినవానికి ఆ బాటన నడిచిన వారి పాపంలో వాటా ఉంటుందని, నడిచిన వారి పాపం దానివల్ల తగ్గదని మనకు బోధించబడింది. కాబట్టి డ్రైవరు 'యజమాని ఒత్తిడి' అని తప్పించుకోలేడు, యజమాని 'స్టీరింగ్ నా చేతిలో లేదు' అని తప్పించుకోలేడు.

ఓడలో ఎంతమందిని ఎక్కించాలి?

రవాణాను అదుపులో పెట్టడం ఏదో పాశ్చాత్య నాగరికత తెచ్చిన కొత్త విషయమని కొందరు అనుకుంటారు. ఇమామ్ మావర్దీ (మరణం హి. 450) 'అల్ అహ్‌కాముస్సుల్తానియ్యా'లో ముహ్‌తసిబ్ విధులను వివరించారు. బజార్లను, దారులను పర్యవేక్షించే అధికారిని ముహ్‌తసిబ్ అంటారు. ఓడల యజమానులు మోయలేనంత బరువు ఎక్కించకుండా, గాలి తీవ్రంగా ఉన్నప్పుడు ప్రయాణం చేయకుండా ఆపడం అతని పని. ప్రమాదం జరిగాక శిక్షించడం కాదు, జరగక ముందే ఆపడం! లాభం యజమానిది, ప్రాణం ప్రయాణికునిది. ప్రయాణికునికి ఓడ అడుగున చిల్లు ఉందో లేదో తెలియదు. అందుకే అతని తరఫున చూసే కన్ను ఒకటి కావాలి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్, పర్మిట్, డ్రైవరు పని గంటల పరిమితి ఇవన్నీ ఆ కన్నే. వంద రూపాయలు పుచ్చుకుని ఆ కన్ను మూసుకునే అధికారి, ఇచ్చి మూయించే యజమాని ఇద్దరూ ప్రయాణికుల ప్రాణాలను అమ్ముకుంటున్నారు. లంచం పాపం అని మనకు తెలుసు. ఆ లంచం రేపు ఎవరి ఇంటి ముందు జనాజాగా లేస్తుందో తెలియదు.

2018 సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించారు. బస్సులో సీట్లకు మించి ఎంతోమంది ఉన్నారు. 2025 నవంబరు 3న హైదరాబాదుకు దగ్గరలో, చేవెళ్ళ సమీపాన మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొన్నది. కంకర ప్రయాణికుల మీద పడింది. 19 మంది మరణించారు. ఇలాంటి రోజుల్లో 'అంతమంది ఎందుకెక్కారు' అని అడగడం సులభం. ఆ దారిలో మరో బస్సు ఎప్పుడు వస్తుందో తెలియనివాడు ఇంకేం చేస్తాడు?

మన ప్రాంతానికి బస్సు రవాణాలో మంచి వారసత్వం ఉంది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైంది. ఆ మొక్కే తర్వాత ఆర్టీసీగా ఎదిగింది. నెల జీతం మీద పనిచేసే డ్రైవరుకు పక్క బస్సుతో పందెం వేయవలసిన అవసరం లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుండి మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. మన అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు ఇది మేలే. అయితే ఎక్కేవారు పెరిగినప్పుడు బస్సులు కూడా పెరగాలి. లేకుంటే ఫుట్‌బోర్డు మీద వేలాడే పిల్లల సంఖ్య పెరుగుతుంది. బస్సు మంచిగా ఉన్న ఊళ్ళో పేదవాడు అప్పు చేసి బైకు కొనడు. ఆ బైకు మీద భార్యాబిడ్డలను నలుగురినీ ఎక్కించుకుని ఫ్లైఓవరు దాటడు. కాబట్టి మంచి బస్సు కోసం అడగడం కూడా ప్రాణరక్షణలో భాగమే. కార్పొరేటరును నాలా గురించి, దీపాల గురించి అడుగుతాము. బస్టాపు గురించి, ఫుట్‌పాత్ గురించి ఎంతమంది అడిగారు?

పోలీసు నిజాయితీపరుడు కాకపోతే?

కొందరు యువకులు అంటారు: సిగ్నల్ మనిషి పెట్టిన నియమం, దాన్ని పాటించకపోతే పాపమెలా అవుతుంది? పైగా పోలీసులు వసూళ్ళ కోసమే నిలబడతారు కదా! ఈ విషయంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1993లో బ్రూనైలో జరిగిన తన ఎనిమిదవ సమావేశంలో స్పష్టమైన తీర్మానం చేసింది. షరీఅత్‌కు విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాలను పాటించడం ధార్మికంగా కూడా తప్పనిసరి అని, వాహనం వల్ల కలిగే నష్టానికి డ్రైవరు బాధ్యుడని పేర్కొన్నది. తప్పించడం అతని శక్తికి మించిన ఆపద, బాధితుని స్వంత చర్య, మూడో వ్యక్తి తప్పు వంటి సందర్భాలకు వేరే నియమాలు చెప్పింది.

ఇందులో తర్కం కష్టమైనది కాదు. ఎర్రరంగుకు ఆగాలని అల్లాహ్ ఎక్కడా చెప్పలేదు, నిజమే. కానీ ఎదుటివానికి హాని చేయవద్దని చెప్పాడు. ఎర్రరంగుకు నువ్వు ఆగుతావన్న నమ్మకంతోనే అటువైపు ముసలాయన అడుగు వేస్తున్నాడు. ఆ నమ్మకమే అమానత్. పోలీసు లంచగొండి అయితే దాని లెక్క అతను చెప్పుకుంటాడు. ముసలాయన నీకు ఏ అన్యాయమూ చేయలేదు.

మన ఇళ్ళ సంగతి

ఇతరులను తప్పుపట్టడం సులభం. కాస్త మన ఇళ్ళలోకి చూసుకుందాం.

మొదటిది, పిల్లల చేతికి బండి. 'మా వాడు పన్నెండేళ్ళకే ఎంత బాగా నడుపుతాడో' అని మురిసిపోయే తండ్రులున్నారు. 2019 సవరణ తర్వాత 199ఎ సెక్షను ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే, సంరక్షకునికి లేదా వాహన యజమానికి మూడేళ్ళ వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. ఆ బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు రాదు. ఇది చట్టం మాట. ధర్మం మాట ఇంకా పెద్దది. ఇంటిపెద్ద తన ఇంటివారి విషయంలో కాపరి, అతన్ని దాని గురించి ప్రశ్నించడం జరుగుతుంది. బాణం పట్టుకుని మస్జిదులోనో బజారులోనో నడిచేవాడు, ఎవరికీ గుచ్చుకోకుండా దాని మొనను పట్టుకోవాలని దైవప్రవక్త (స) ఆదేశించారు. బాణం మొన విషయంలోనే అంత జాగ్రత్త అయితే, వంద కిలోలకు పైబడిన ఇనుప బండిని పసివాని చేతికి ఎలా ఇస్తాము?

రెండోది, పుణ్యరాత్రులు. 'జాగ్‌నే కీ రాత్' అని ఇంట్లో చెప్పి బయలుదేరిన కుర్రవాళ్ళు కొందరు నమాజులో ఉండరు, రోడ్ల మీద బైకుల ముందు చక్రం లేపుతూ ఉంటారు. హజ్ యాత్రలో అరఫాత్ నుండి తిరిగి వస్తున్నప్పుడు వెనుక ఒంటెలను కొడుతూ తరుముతున్న సద్దు విని, దైవప్రవక్త (స) కొరడాతో సైగ చేసి ప్రశాంతంగా నడవమన్నారు. తొందరపాటులో పుణ్యం లేదని తెలియజేశారు. హజ్‌లోనే వేగానికి పుణ్యం లేకపోతే, మన రాత్రి పందాల్లో ఏముంటుంది?

మూడోది, జుమా రోజు మస్జిదు ముందు అడ్డదిడ్డంగా నిలిపే బండ్లు. ఫర్జ్ నెరవేర్చడానికి వచ్చి, అంబులెన్సు దారి మూసేస్తున్నామేమో చూసుకోవాలి. తన సహచరులు దారుల్లో కూర్చోక తప్పదన్నప్పుడు, అయితే దారి హక్కు చెల్లించండి అని దైవప్రవక్త (స) చెప్పారు. ఎవరికీ బాధ కలిగించకపోవడం ఆ హక్కుల్లో ఒకటి. దారిలోంచి బాధ కలిగించే వస్తువును తీసివేయడం విశ్వాసపు శాఖల్లో ఒకటైతే, బాధ కలిగించే వస్తువును తెచ్చి పెట్టడం దేని శాఖ?

నాలుగోది, దుకాణం ముందు ఫుట్‌పాత్. అది నడిచేవారి సొత్తు. సామాను దాని మీద పరిస్తే, గర్భిణీ స్త్రీ బస్సుల మధ్యకు దిగి నడవాలి. తోపుడుబండి పేదవాని జీవనోపాధి కూడా నిజమే. అతనికి వేరే జాగా చూపించడం నగర పాలకుల బాధ్యత. కానీ షట్టరు ఉన్న దుకాణదారుకు ఆ సాకు లేదు.

ప్రమాదం జరిగాక

ప్రమాదం జరిగిన తర్వాత మనిషి పరీక్ష మొదలవుతుంది. పారిపోవడం రెండో నేరం. దెబ్బ పొరపాటు కావచ్చు, పారిపోవడం పొరపాటు కాదు. అది తెలిసి చేసే పని. గాయపడినవాడు పావుగంట ఆలస్యంతో చనిపోతే, ఆ పావుగంట లెక్క ఎవరిది?

చూస్తూ నిలబడిన వారి సంగతి కూడా అంతే. పోలీసు కేసులో ఇరుక్కుంటామని చాలామంది ముట్టుకోరు. ఆ భయానికి ఇప్పుడు ఆధారం లేదు. గాయపడినవారికి వెంటనే చికిత్స అందించడం వైద్యుల విధి అని సుప్రీంకోర్టు 1989లోనే తీర్పు చెప్పింది. సాయం చేసినవారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు 2016 మార్చిలో చట్టబద్ధత కల్పించింది. 2019 సవరణలో 134ఎ సెక్షనుగా ఆ రక్షణ చట్టంలోకి చేరింది. పేరు చెప్పడం కూడా తప్పనిసరి కాదు. 108కి ఫోను చేయడానికి, రక్తం కారుతున్న చోట గుడ్డతో గట్టిగా అదిమి పట్టడానికి ధైర్యం ఒక్కటే కావాలి. ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినట్లేనన్న ఖుర్ఆన్ (5:32) బోధను గోడలకు తగిలించుకునే మనం, ఆ బోధ రోడ్డు మీద ఎదురైనప్పుడు సెల్‌ఫోన్‌తో వీడియో తీస్తూ నిలబడకూడదు.

ఇక రాజీ. పెద్దమనుషులు కూర్చుని, 'పోయినవాడు ఎలాగూ రాడు' అని విధవరాలి చేతిలో కొంత డబ్బు పెట్టి సంతకం పెట్టించడం మన బస్తీల్లో జరుగుతూనే ఉంది. క్షమించడం గొప్ప గుణమే. కానీ అది ఆమె మనసారా ఇవ్వవలసినది, ఆమె నుండి గుంజుకునేది కాదు. ఆమెకు, అనాథలకు చట్టప్రకారం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ద్వారా రావలసిన పరిహారం ఎంతో ముందుగా తెలియజెప్పాలి. అనాథల వాటాను మాఫీ చేసే అధికారం పెద్దమనుషులకు లేదు. అలాగే తన చేతి మీదుగా ప్రాణం పోయిన డ్రైవరు సోదరుడు, కోర్టు పని ముగిసింది కదా అనుకోకుండా, కఫ్ఫారా విషయం విశ్వసనీయుడైన ముఫ్తీని అడిగి తెలుసుకోవాలి. ఇన్సూరెన్సు కంపెనీ డబ్బు చెల్లించగలదు, అతని బదులు ఉపవాసం ఉండలేదు.

మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు స్పష్టం. తఖ్దీర్ పోగొట్టుకున్నవారి ఓదార్పు, పోగొట్టినవారి సాకు కాదు. బాధ్యత ఒక్కరి మీద పెట్టి మిగిలినవారు ఇంటికి వెళ్ళిపోయేది కూడా కాదు. నడిపినవాడు, నడపమన్నవాడు, రోడ్డు వేసినవాడు, తనిఖీ చేయవలసినవాడు, తాళం చేతికిచ్చినవాడు ఎవరి వాటా వారికుంది. ఇరాక్ దారిలో ఒక జంతువు కాలుజారి పడినా, దారి ఎందుకు చదును చేయలేదని అల్లాహ్ తనను అడుగుతాడేమోనని హజ్రత్ ఉమర్ (రజి) భయపడేవారని చెబుతారు. అంత పెద్ద రాజ్యం మన చేతిలో లేదు. ఒక బండి తాళం ఉంది, ఒక ఇంటి ముందు పది అడుగుల దారి ఉంది. వాటి గురించి మాత్రం మనల్ని తప్పక అడుగుతారు.

అల్లాహ్ మన దారులను సురక్షితం చేయుగాక! మన చేతుల నుండి, మన వాహనాల నుండి తన దాసులను కాపాడుగాక! ఆమీన్.